తెలుగు పాటలు ఉచితంగా, చట్టబద్ధంగా వినడం ఎలా? మొదటి నుంచి చివరి దాకా

"పాటలు ఫ్రీగా వినాలి, కానీ దొంగ సైట్ల జోలికి వెళ్లకూడదు. ఎలా?" అని నన్ను అడిగేవాళ్లు చాలామంది. ఒకరికి సినిమా పాటలు కావాలి. ఇంకొకరికి పొద్దున్నే వాళ్ల అమ్మగారికి అన్నమయ్య కీర్తనలు వినిపించాలి. డల్లాస్‌లో ఉన్నవాళ్లు ఇండియాలో వచ్చే పాట అక్కడ రావడం లేదంటారు. విడివిడిగా జవాబులు చెప్పే బదులు అన్నీ ఒకచోట, చేయాల్సిన వరుసలో రాస్తున్నాను.

చాలామంది పాట పేరు పక్కన 'ఫ్రీ డౌన్‌లోడ్' అని కొట్టి వెతుకుతారు. దారి తప్పేది అక్కడే. వెతకాల్సింది ఆ పాట రికార్డు ఎవరిది అని. ఎవరిదో తెలిస్తే వాళ్లే దాన్ని ఉచితంగా ఎక్కడ పెట్టారో రెండు నిమిషాల్లో దొరుకుతుంది. కింద చెప్పే పద్ధతులన్నిటికీ ఈ అలవాటే ఆధారం.

1. మొదలుపెట్టే ముందు

ఒక కాగితం తీసుకుని మీరు నిజంగా వినే పాటలు ఒక ఇరవై రాయండి. గత నెలలో విన్నవే రాయండి, వినాలనుకున్నవి కాదు. అవి ఏ రకమో చూడండి: కొత్త సినిమా పాటలా, పాత సినిమా పాటలా, భక్తి గీతాలా, కచేరీలా, జానపదాలా. ఒక్కో రకానికి దారి వేరు. కీర్తనలు మాత్రమే వినేవారికి మూడు మ్యూజిక్ యాప్‌లు అక్కర్లేదు, ఒక్క రేడియో యాప్ చాలు.

తరువాత డేటా లెక్క. ఆడియో మాత్రమే వింటే 96 కేబీపీఎస్ (సెకనుకు ఎంత డేటా వస్తుందో చెప్పే లెక్క) నాణ్యతలో గంటకు సుమారు 43 ఎంబీ ఖర్చవుతుంది. 160లో 72 ఎంబీ, 320లో 144 ఎంబీ. అదే పాటను వీడియోగా చూస్తే ఇంతకు ఎన్నో రెట్లు పోతుంది. రోజుకు 1 జీబీ ప్లాన్ ఉన్నవారు రోజంతా యూట్యూబ్‌లో పాటలు పెట్టుకుని, సాయంత్రానికి డేటా అయిపోయిందని బాధపడటం నేను చాలాసార్లు చూశాను. అలాంటివారికి ఆడియో యాప్ మేలు.

దగ్గర పెట్టుకోవాల్సినవి:

- పాటల యాప్‌ల కోసం విడిగా ఒక ఈమెయిల్. బ్యాంకుకు వాడే మెయిల్ ఇక్కడ వాడకండి.
- ఫోన్‌లో కనీసం 1 జీబీ ఖాళీ.
- మీరు రాసుకున్న ఇరవై పాటల జాబితా. ప్రతి యాప్‌నూ దీంతోనే పరీక్షిస్తాం.

2. పాట ఎవరిదో కనుక్కోవడం

ఒక సినిమా పాటలో మూడు హక్కులుంటాయి. రాసిన సాహిత్యం ఒకటి, బాణీ ఒకటి, స్టూడియోలో తయారైన రికార్డు ఒకటి. మనం వినేది ఆ రికార్డును. దాని హక్కులు సాధారణంగా ఆడియో కంపెనీ దగ్గర ఉంటాయి.

కనుక్కునే వరుస ఇది.

మొదట సినిమా పోస్టర్ కింది భాగం చూడండి. ఆడియో కంపెనీ గుర్తు అక్కడ ఉంటుంది. పోస్టర్ దొరక్కపోతే ట్రైలర్ కింద వివరాలు చదవండి. తెలుగులో తరచూ కనిపించే పేర్లు ఆదిత్య మ్యూజిక్, లహరి మ్యూజిక్, మ్యాంగో మ్యూజిక్, సరెగమ, సోనీ మ్యూజిక్ సౌత్, టీ సిరీస్. పాత తరం సినిమా పాటలైతే ముందు సరెగమలో వెతకండి. ఒకప్పుడు హెచ్ఎంవీ ముద్రతో గ్రామఫోన్ రికార్డులు వేసిన కంపెనీయే ఇప్పుడు సరెగమ.

తరువాత యూట్యూబ్‌లో ఆ కంపెనీ ఛానెల్ తెరవండి. పేరు పక్కన టిక్కు గుర్తు ఉందో లేదో చూడండి. కళాకారుల అధికారిక ఛానెళ్లకైతే సంగీత స్వరం గుర్తు ఉంటుంది. చివర 'టాపిక్' అని ఉన్న ఛానెళ్లు కూడా సరైనవే. అవి కంపెనీలు పంపిన పాటలతో యూట్యూబ్ తనంతట తాను తయారు చేసేవి. పాట కింద 'ప్రొవైడెడ్ టు యూట్యూబ్ బై' అనే మాట, ఆ తరువాత వృత్తంలో 'పి' అక్షరం, సంవత్సరం, కంపెనీ పేరు ఉంటాయి. వృత్తంలో 'పి' అంటే రికార్డు హక్కు ఎవరిదో చెప్పే గుర్తు. ఈ ఒక్క గుర్తు పట్టుకోవడం వస్తే సగం పని అయిపోయినట్టే.

ఇక్కడ ఒక చిక్కుంది. ఎవరో అభిమాని ఎక్కించిన పాట యూట్యూబ్‌లో ఏళ్ల తరబడి అలాగే ఉండవచ్చు. హక్కుదారుడు దాన్ని తీయించకుండా, దానిపై వచ్చే ప్రకటనల డబ్బు తనకు వచ్చేలా పెట్టుకోవచ్చు. అలాగని కనిపించిన ప్రతి వీడియో అలాంటిదేనని అనుకోకూడదు. అధికారిక ఛానెల్లో అదే పాట ఉంటే అక్కడే వినండి. ధ్వని కూడా అక్కడే బాగుంటుంది. అభిమానుల వీడియోల్లో పాట మధ్యలో తెగిపోవడం, వేగం మారడం మామూలే.

3. సినిమా పాటలకు యాప్ ఎంచుకోవడం

ఉచితంగా, ప్రకటనలతో వినడానికి ఇప్పుడు ఎక్కువమంది వాడేవి జియోసావన్, స్పాటిఫై, యూట్యూబ్ మ్యూజిక్. మూడూ ఒకేసారి ఇన్‌స్టాల్ చేయకండి. ఒక్కోదాన్ని రెండు రోజులు వాడి చూడండి.

పరీక్ష ఇలా చేయండి. మీ ఇరవై పాటలను ఒక్కొక్కటిగా వెతికి, దొరికినవాటికి టిక్కు పెట్టండి. పదహారు పైన దొరికితే ఆ యాప్ మీకు సరిపోతుంది. వెతికేటప్పుడు తెలుగు లిపిలో దొరక్కపోతే ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు రకాలుగా కొట్టి చూడండి. 'చ', 'ఛ', దీర్ఘాలు ఒక్కో కంపెనీ ఒక్కోలా రాస్తుంది. అప్పటికీ దొరక్కపోతే పాట పేరు వదిలేసి సినిమా పేరుతో ఆల్బమ్ తెరవండి. నా అనుభవంలో 'దొరకలేదు' అన్న పాటల్లో సగం అలాగే దొరికాయి.

యూట్యూబ్ మ్యూజిక్ ఉచితంగా వాడితే ఫోన్‌లో స్క్రీన్ ఆపగానే పాట ఆగిపోతుంది. బస్సులో ఫోన్ జేబులో పెట్టుకుని వినేవారికి అది పనికిరాదు. ఇంట్లో కంప్యూటర్‌లో వినేవారికి ఆ ఇబ్బంది లేదు. స్పాటిఫై ఉచిత ఖాతాలో ధ్వని గరిష్ఠంగా 160 కేబీపీఎస్ వస్తుంది, మామూలు ఇయర్‌ఫోన్స్‌కు అది చాలు. పాటలు దాటవేయడం, వరుసగా వినడం లాంటి వాటిపై పరిమితులను యాప్‌లు తరచూ మారుస్తుంటాయి. కాబట్టి ఎవరో చెప్పింది నమ్మకుండా మీ ఫోన్‌లోనే చూసుకోండి.

యాప్ తెరిచాక వెంటనే చేయాల్సినవి:

- భాషగా తెలుగు ఎంచుకోండి. లేకపోతే మొదటి పేజీ అంతా హిందీ పాటలతో నిండుతుంది.
- మొబైల్ డేటాపై నాణ్యత తక్కువకు, వైఫైపై ఎక్కువకు పెట్టండి.
- కాంటాక్ట్స్, లొకేషన్ అనుమతి అడిగితే ఇవ్వకండి. పాట వినడానికి అవి అవసరం లేదు.
- 'ఒక నెల ఫ్రీ ట్రయల్' అని వస్తే ఆగండి. దాని గురించి తొమ్మిదో భాగంలో చెప్తాను.

ఇంకో పని తప్పకుండా చేయండి. మీ ప్లేలిస్ట్‌లోని పాటల పేర్లను ఫోన్ నోట్స్‌లో రాసి పెట్టుకోండి. గానా 2022లో ఉచితంగా వినిపించడం మానేసి చందా పద్ధతికి వెళ్లింది. రెస్సో 2024 జనవరి చివర్లో ఇండియాలో ఆగిపోయింది. వింక్ కూడా 2024లోనే మూతపడే దారి పట్టింది. వాటిలో ఏళ్ల తరబడి పోగేసుకున్న జాబితాలు చాలామందికి మళ్లీ మొదటి నుంచి చేసుకోవాల్సి వచ్చింది. నోట్స్‌లో రాసుకున్నవాళ్లు ఒక సాయంత్రంలో కొత్త యాప్‌లో పెట్టుకున్నారు.

4. ఆకాశవాణి: చాలామంది మరిచిపోయే దారి

ఉచితం, చట్టబద్ధం, ఖాతా అక్కర్లేదు, ట్రయల్ లేదు. ఇవన్నీ ఒకేచోట కావాలంటే ఆకాశవాణి. ప్రసార భారతి వారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో దేశంలోని కేంద్రాల ప్రసారాలు ప్రత్యక్షంగా వినొచ్చు. పేరు వార్తలదే అయినా లోపల ఉన్నది ఎక్కువగా సంగీతమే.

పెట్టుకునే తీరు ఇది. ప్లే స్టోర్‌లో యాప్ వెతికి, తయారు చేసినవారి పేరు ప్రసార భారతి అని ఉందో లేదో చూసి ఇన్‌స్టాల్ చేయండి. లైవ్ రేడియోలో తెలుగు కేంద్రాలు వెతకండి. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలతో మొదలుపెట్టండి. నచ్చినవాటిని ఫేవరెట్స్‌లో పెట్టుకోండి. సినిమా పాటలకు వివిధ్ భారతి ఉంది. శాస్త్రీయ సంగీతం మాత్రమే కావాలంటే రాగం అనే ఛానెల్ ఉంది. 2016 జనవరి 26న మొదలైన ఈ ఛానెల్ రోజంతా కర్ణాటక, హిందుస్థానీ సంగీతమే ప్రసారం చేస్తుంది. తక్కువ డేటాతో రోజంతా ఇంట్లో మంచి సంగీతం మోగాలంటే నేను ముందు చెప్పేది ఇదే.

పెద్దవాళ్లకు పెట్టి ఇచ్చేటప్పుడు యాప్ ఐకాన్‌ను ఫోన్ మొదటి తెరపైనే ఉంచండి. బ్యాటరీ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు పరిమితి తీసేయండి. లేకపోతే తెర ఆగిన కాసేపటికి ఫోన్ యాప్‌ను ఆపేస్తుంది, 'రేడియో పాడైపోయింది' అని మీకు ఫోన్ వస్తుంది. భక్తిరంజని వంటి ఉదయం కార్యక్రమాలు వినేవారికి ఆ సమయానికి అలారం కూడా పెట్టి ఇస్తే ఇంకా మంచిది.

ప్రసారం దాటిపోతే వెనక్కి వెళ్లి వినడానికి రేడియోలో దారి ఉండదు. అప్పుడు యూట్యూబ్‌లో ప్రసార భారతి ఆర్కైవ్స్ ఛానెల్ తెరవండి. ఆకాశవాణి, దూరదర్శన్ భాండాగారంలోని పాత కచేరీలు అక్కడ దొరుకుతాయి.

5. కీర్తనలు, కచేరీలు

త్యాగరాజు 1847లో, అన్నమాచార్యులు 1503లో పరమపదించారు. వారి రచనలపై ఇప్పుడు ఎవరికీ కాపీరైట్ లేదు. మీరు పాడుకోవచ్చు, రికార్డు చేసి పెట్టుకోవచ్చు. అయితే ఆ కీర్తనను నిన్నో మొన్నో ఒక గాయని పాడి, ఒక కంపెనీ విడుదల చేసిన రికార్డు మాత్రం వారిదే. 'దేవుడి పాటకు హక్కులేమిటి' అనుకుని గ్రూపుల్లో ఫైళ్లు పంచేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

సరైన దారులు కొన్ని: టీటీడీ వారి ఎస్వీబీసీ ఛానెల్, సరెగమ కర్ణాటక ఛానెల్, కళాకారులు సొంతంగా నడిపే అధికారిక ఛానెళ్లు. చెన్నైలోని పరివాదిని ఛానెల్ కచేరీలను ఉచితంగా ప్రసారం చేస్తుంది. అలాంటి ఛానెళ్లలో విరాళం లింకు ఉంటే, వీలైనప్పుడు ఒక వంద రూపాయలు పంపండి. మృదంగం వాయించేవారికీ, రికార్డు చేసేవారికీ ఆ డబ్బు అవసరం.

6. పాత రికార్డులకు అరవై ఏళ్ల లెక్క

'పాత పాటలకు కాపీరైట్ ఉండదు కదా?' అని అడుగుతారు. కొంత నిజం, కొంత కాదు.

మన కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం రికార్డుపై హక్కు, అది విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు నుంచి 60 ఏళ్లు ఉంటుంది. అంటే 1960లో వచ్చిన రికార్డు గడువు 2020 డిసెంబర్ 31తో ముగిసింది. కానీ సాహిత్యం, బాణీల లెక్క వేరు. అవి రాసినవారు, కట్టినవారు కన్నుమూసిన తరువాత 60 ఏళ్ల వరకు ఉంటాయి. ఘంటసాల గారు 1974లో కన్నుమూశారు. ఆయన కట్టిన బాణీలకు 2034 చివరి వరకు రక్షణ ఉంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు 2016లో వెళ్లిపోయారు, కాబట్టి ఆయన సొంత కృతులకు 2076 వరకు ఉంటుంది.

పాత పాట ఏదైనా డౌన్‌లోడ్ చేసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. రికార్డు విడుదలై అరవై ఏళ్లు దాటిందా? రాసినవారు పోయి అరవై ఏళ్లు దాటిందా? బాణీ కట్టినవారు పోయి? మూడింటికీ అవును అయితేనే అది పూర్తిగా స్వేచ్ఛగా వాడుకోదగ్గది. ఒక్కటి కాదన్నా, అధికారిక ఛానెల్లో విని సరిపెట్టుకోండి.

ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ భాండాగారంలో పాత 78 ఆర్పీఎం రికార్డులు (నిమిషానికి 78 సార్లు తిరిగే గ్రామఫోన్ రికార్డులు) చాలా ఉన్నాయి. వినడానికి ఎంతో బాగుంటాయి. అయితే అక్కడ ఎవరైనా ఎక్కించవచ్చు, కాబట్టి అక్కడ ఉన్నదంతా చట్టబద్ధమే అనుకోకండి. 78 రికార్డుల విషయంలో పెద్ద మ్యూజిక్ కంపెనీలు 2023లో ఆ సంస్థపై అమెరికాలో కేసు కూడా వేశాయి. పై మూడు ప్రశ్నలు అక్కడ కూడా వేసుకోండి.

7. డౌన్‌లోడ్ చేసి ఉంచుకోగలిగినవి

నెట్ లేకుండా వినాలంటే సినిమా పాటలకు ఉచిత దారి దాదాపు లేదు. యాప్‌లు ఆఫ్‌లైన్ సౌకర్యాన్ని ఎక్కువగా చందాదారులకే ఇస్తాయి. యూట్యూబ్‌లో కొన్ని వీడియోలకు డౌన్‌లోడ్ బటన్ పనిచేస్తుంది, పాటలకు వచ్చేసరికి తరచూ ప్రీమియం అడుగుతుంది. లింకు ఇస్తే ఎంపీ3గా మార్చి ఇచ్చే సైట్లు యూట్యూబ్ నియమాలకు విరుద్ధం. వాటి జోలికి వెళ్లకండి.

సినిమా కాని సంగీతానికి మాత్రం దారులున్నాయి. ఫ్రీ మ్యూజిక్ ఆర్కైవ్, జమెండో సైట్లలో కళాకారులే ఉచితంగా ఇచ్చిన పాటలుంటాయి. బ్యాండ్‌క్యాంప్‌లో కొందరు 'మీకు నచ్చినంత ఇవ్వండి' అని పెడతారు. కనీస ధర సున్నా అని వారే పెడితే ఉచితంగా తీసుకోవచ్చు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతానికి మ్యూజోపెన్ ఉంది. ఇక్కడ తెలుగు చాలా తక్కువ. చదువుకుంటూ, పని చేసుకుంటూ వినడానికి వాద్య సంగీతం కావాలంటే మాత్రం కావలసినంత దొరుకుతుంది.

ఈ పాటల పక్కన క్రియేటివ్ కామన్స్ గుర్తులుంటాయి. పాటను ఎలా వాడుకోవచ్చో కళాకారులే ముందుగా ఇచ్చే అనుమతి గుర్తులివి. 'బై' అంటే వాడినప్పుడు పేరు చెప్పాలి. 'ఎన్‌సీ' అంటే వ్యాపారానికి వాడకూడదు. 'ఎన్‌డీ' అంటే మార్చకూడదు. వినడానికి మాత్రమే అయితే ఇవేవీ అడ్డు కాదు. మీ వీడియోలో పెట్టాలనుకుంటే ఒక్కో అక్షరం చూసుకోవాలి.

8. విదేశాల్లో ఉన్నవారికి

పాటల హక్కులు దేశం వారీగా అమ్ముతారు. అందుకే ఇండియాలో మోగే పాట అమెరికాలో 'అందుబాటులో లేదు' అనొచ్చు. వీపీఎన్ (మీరు వేరే దేశంలో ఉన్నట్టు చూపించే యాప్) పెట్టుకుని తెరవడం చాలా యాప్‌ల నియమాలకు విరుద్ధం, ఖాతా పోయే ప్రమాదం ఉంది. దానికి బదులు అదే పాటను కంపెనీ యూట్యూబ్ ఛానెల్లో చూడండి. సినిమా ఆల్బమ్ పేరుతోనూ, 'జ్యూక్‌బాక్స్' అనే మాట జోడించీ వెతకండి.

అమెరికాలో ఉంటే మీ ఊరి పబ్లిక్ లైబ్రరీ కార్డు తీసుకోండి. చాలా లైబ్రరీలు హూప్లా లేదా ఫ్రీగల్ ద్వారా సంగీతాన్ని ఉచితంగా ఇస్తాయి. కార్డు నంబర్, పిన్ ఉంటే చాలు. తెలుగు ఎంత దొరుకుతుందన్నది మీ లైబ్రరీని బట్టి ఉంటుంది, వెతికి చూడండి. పిల్లలకు పాశ్చాత్య సంగీతం నేర్పిస్తున్నవారికి మాత్రం ఇది చాలా ఉపయోగం.

ఇంకో జాగ్రత్త. పైన చెప్పిన అరవై ఏళ్ల లెక్క ఇండియాది. అమెరికాలో పాత రికార్డుల గడువు ఇంతకన్నా చాలా ఎక్కువ.

9. తరచూ జరిగే తప్పులు, వాటికి విరుగుడు

అన్నీ ఫ్రీగా ఇస్తామనే ఏపీకే ఫైలు (ప్లే స్టోర్ బయటి నుంచి నేరుగా ఫోన్‌లో పెట్టుకునే యాప్ ఫైలు). చందా యాప్‌ను మార్చి 'ప్రీమియం ఉచితం' అని టెలిగ్రామ్‌లో పంచుతుంటారు. మా బాబాయి అలాంటిదే ఒకటి పెట్టుకున్నారు. వారం తిరిగేలోపు ఫోన్ తెరిచిన ప్రతిసారీ పనికిమాలిన ప్రకటనలు, బ్యాంకు యాప్ తెరవాలంటే టెన్షన్. ఇప్పటికే పెట్టుకుని ఉంటే ఇలా చేయండి: నెట్ ఆపండి, యాప్ తీసేయండి, సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ అనుమతులు ఇంకెవరికైనా ఉన్నాయేమో చూసి తీసేయండి, ప్లే స్టోర్‌లోని ప్లే ప్రొటెక్ట్‌తో స్కాన్ చేయండి, పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి. అప్పటికీ ప్రకటనలు ఆగకపోతే ఫోటోలు భద్రపరచి ఫోన్ రీసెట్ చేయడమే మేలు. మేము చివరికి అదే చేశాం.

మరిచిపోయిన ఫ్రీ ట్రయల్. కార్డు లేదా యూపీఐ ఆటోపే ఇచ్చి నెల ఉచితంగా వింటారు, తరువాత డబ్బు కట్ అవుతుంది. ట్రయల్ తీసుకున్న రోజే ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్స్ తెరిచి క్యాన్సిల్ చేయండి. సాధారణంగా నెల చివరి వరకు సౌకర్యం అలాగే ఉంటుంది, ఆ మాట క్యాన్సిల్ చేసేటప్పుడు తెరపై చదవండి. యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగంలో కూడా ఆ అనుమతి ఆగిందో లేదో చూడండి.

గ్రూపులో పాట ఫైలు పెట్టడం. మీకు ఉచితంగా వచ్చింది కదా అని పంచితే అది పంపిణీ అవుతుంది. తెలిసి చేసే కాపీరైట్ ఉల్లంఘనకు చట్టంలో ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. ఫైలు బదులు అధికారిక పాట లింకు పంపండి. వినేవారికి అంతే సులువు, పాట చేసినవారికి లెక్క కూడా చేరుతుంది.

షాపులో ఫోన్ యాప్ పెట్టి స్పీకర్‌లో వినిపించడం. ఉచిత యాప్‌ల అనుమతి మీ సొంత వినికిడికే. సెలూన్, హోటల్, బట్టల షాపులో వినిపించాలంటే పీపీఎల్, ఐపీఆర్ఎస్ వంటి సంస్థల నుంచి లైసెన్స్ తీసుకోవాలి. పెళ్లి ఊరేగింపుకూ, పెళ్లికి సంబంధించిన వేడుకలకూ మాత్రం చట్టంలోనే మినహాయింపు ఉంది. బాజాల వెనక పాట పెట్టామని కంగారుపడక్కర్లేదు.

పాట దొరకలేదని వెంటనే దొంగ సైటుకు పోవడం. ముందు ఇవి చూడండి: సినిమా పేరుతో వెతికారా, గాయకుల పేరుతో వెతికారా, కంపెనీ ఛానెల్ లోపల వెతికారా, వేరే స్పెల్లింగ్ కొట్టారా? నాలుగూ అయ్యాక కూడా లేకపోతే ఆ పాటను కంపెనీ ఇంకా డిజిటల్‌గా విడుదల చేయలేదేమో. కంపెనీ ఛానెల్ వ్యాఖ్యల్లో మర్యాదగా అడగండి.

10. దగ్గర ఉంచుకోవాల్సిన చెక్‌లిస్ట్

కొత్త యాప్ లేదా సైటు కనిపించినప్పుడు:

- నడిపేవారి పేరు స్పష్టంగా ఉందా?
- ప్లే స్టోర్ లేదా యాప్ స్టోర్‌లో దొరుకుతుందా, ఏపీకేగా మాత్రమేనా?
- పాట కింద వృత్తంలో 'పి', సంవత్సరం, కంపెనీ పేరు ఉన్నాయా?
- నిన్న విడుదలైన సినిమా పాటలన్నీ ఎంపీ3గా ఊరికే ఇస్తోందా? ఇస్తుంటే వెంటనే మూసేయండి.
- 'డౌన్‌లోడ్' బటన్లు ఒకే పేజీలో మూడు నాలుగున్నాయా? ఇది కూడా అంతే.

నెలకోసారి:

- ప్లేలిస్ట్ పేర్లు నోట్స్‌లో రాశారా?
- అనవసర సబ్‌స్క్రిప్షన్ ఏదైనా నడుస్తోందా?
- అమ్మానాన్నల ఫోన్‌లో రేడియో యాప్ ఇంకా మోగుతోందా?